చందుర్తిలో చింతగింజల ఆట

వేములవాడలో కోరుట్ల బస్సు ఎక్కి, అందులో కిటికీ పక్కన చోటు సంపాదించినవాడు పూర్వజన్మలో ఏదో పుణ్యం చేసుకొని ఉంటాడు. 2025 దసరా సెలవుల్లో ఆ పుణ్యం నాకు పండింది. ఒళ్ళో సంచీ, సంచీలో అక్కకు చీర, బావకు తువ్వాల, కాళ్ళ దగ్గర ఎవరిదో కోడిపుంజు – ఈ పరివారంతో చందుర్తికి బయలుదేరాను.

వేములవాడ దాటేటప్పుడు రాజన్న గుడి వైపు తిరిగి దండం పెట్టుకోని ప్రయాణికుడు ఉండడు. ఆ దేవుడికి కోడెను కట్టే మొక్కు లోకప్రసిద్ధం. తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక, ఆ ఊరు చూస్తే నాకు మరొకరు కూడా మనసులో మెదులుతారు. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో ఉండి, కన్నడంలో భారతకథను కావ్యంగా చెప్పిన పంపకవి. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. భారతమన్న తరువాత అందులో జూదం ఉండక తప్పదు గదా! ఆ ముక్క ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, నా ప్రయాణానికి కారణం కూడా జూదమే.

నాలుగు రోజుల కిందట అక్క ఫోను చేసింది.

"తమ్మీ, సెలవులకు జరంత వచ్చిపో. పిలగాడు నా మాట వింటలేడు, మీ బావ మాట అసలే వింటలేడు. నువ్వు సదువు చెప్పెటోనివి. నువ్వన్న చెప్పు."

సంగతేమిటంటే, మా మేనల్లుడు దుబాయిలో కరెంటు పని చేస్తాడు. ఆరేళ్ళ తరువాత జూన్‌లో సెలవు మీద ఇంటికి వచ్చాడు. అక్కడ గదిలోని సహవాసగాళ్ళ దగ్గర పోకరు అనే పేకాట నేర్చాడు. అందులోనూ 'పాట్ లిమిట్ ఒమాహా' అనే రకం. వచ్చాక ఫోనులో ఆడాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ తలుపు మూసుకుపోవడంతో, ఇప్పుడు గోవా పోయి అక్కడి కేసినోలో ఆడతానంటున్నాడట. ఇంటికి స్లాబు పోయడానికి దాచిన 2 లక్షలూ వెంట తీసుకుపోతాడట!

ఊరు

చందుర్తి పెద్ద ఊరేమీ కాదు. మండల కేంద్రం. మొన్న మొన్నటి దాకా కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు రాజన్న సిరిసిల్లకు వచ్చింది. ఒక పక్క సిరిసిల్ల మరమగ్గాలు, ఇంకో పక్క కోరుట్ల, జగిత్యాల బజార్లు. దసరాకు వరి పొట్టమీద నుంచి గొలుసు మీదికి వస్తుంది. పత్తి అక్కడక్కడా తెల్లగా పగులుతుంది. రోడ్డు అంచున మక్కలు ఆరబోస్తారు. బస్సు డ్రైవరు వాటికి దండం పెట్టి పక్కకు తప్పుకుంటాడు.

ఈ ప్రాంతపు ఊళ్ళలో రెండు బతుకుతెరువులు ఏ గడప తొక్కినా కనబడతాయి. ఒకటి గల్ఫు. రెండోది బీడీలు. మగవాడు దుబాయి, మస్కటు పోతాడు. ఆడవాళ్ళు అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. కట్టకు 25 బీడీలు. కూలి వెయ్యికి ఇంత అని. ఆ వేళ్ళకు లెక్క తప్పదు. మా అక్క పొరుగింటి అవ్వ నాతో మాట్లాడుతూనే కట్ట కట్టింది. నేను సరదాకు విప్పి లెక్కపెట్టాను. సరిగ్గా 25!

మా వైపు పేకముక్కను పత్తా అంటారు. పేకాట పత్తాలాట. పత్తా అంటే ఉర్దూలో ఆకు. అవ్వ ఒళ్ళోవీ ఆకులే, మేనల్లుడి చేతిలోవీ ఆకులే. ఈ పోలిక నాకు అప్పుడు తోచలేదు. రాత్రికి గాని తోచలేదు.

పిలగాడి శాస్త్రం

భోజనాలయ్యాక నీతిబోధ ప్రారంభించాలని గొంతు సవరించుకున్నాను. ధర్మరాజు దగ్గర మొదలుపెడదామా, నలుడి దగ్గరా అని ఆలోచిస్తుండగానే వాడు అడ్డుపడ్డాడు.

"మామా, నువ్వేం చెప్తవో నాకెరికే. ఇది మూడుముక్కలాట కాదు. లెక్క ఉన్న ఆట. ఒక్కసారి ఆడి చూడు, తర్వాత తిట్టు."

సరే నన్నాను. తెలియని దానిని తిట్టడం పంతులుకు తగదు. డబ్బు మాత్రం పెట్టనన్నాను. అక్క వంటింట్లోంచి చింతగింజల డబ్బా తెచ్చింది. నాకు, బావకు, అక్కకు, వాడికి మనిషికి 100 గింజలు.

"క్లబ్బుల ఇంటి వాటా తీస్తరు మామా. నూటికి అయిదు. మనం గూడ గట్లనే ఆడుదాం. అవ్వా, నువ్వే మా క్లబ్బు. కుప్పల ప్రతి ఇరవై గింజలకు ఒకటి నువ్వు తీసుకో" అన్నాడు.

అవ్వ చేట పక్కన పెట్టి, గోడకు ఒరిగి కూర్చుంది. పత్తా ముట్టుకోలేదు.

ఆట ఇది. ఒక్కొక్కరికి నాలుగేసి ముక్కలు బోర్లా పంచుతారు. నడుమ అందరికీ కలిపి అయిదు ముక్కలు పరుస్తారు – మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. పంచగానే ఒకసారి, పరిచినప్పుడల్లా ఒక్కొక్కసారి పందెం. చివరికి చేతిలోని నాలుగింటిలో సరిగ్గా రెండు, నడుమ ఉన్న అయిదింటిలో సరిగ్గా మూడు కలిపి అయిదు ముక్కల చేయి కూర్చాలి. పెద్ద చేయి గలవాడిది కుప్ప.

ఈ 'సరిగ్గా రెండు' అన్న మాటే నా కొంప ముంచింది. మూడో పంపకంలో నా దగ్గర ఆఠీను ఆసు ఉన్నది. నడుమ నాలుగు ఆఠీన్లు పడ్డాయి. అయిదు ఆఠీన్లు అయినాయని ఎగిరి గంతేసి గింజలన్నీ తోశాను. మేనల్లుడు నా ముక్కలు తిప్పి చూసి నవ్వాడు.

"చేతిల నుంచి రెండు ఆఠీన్లు కావాలె మామా. నీ దగ్గర ఒక్కటే ఉన్నది. నీది వట్టి చెయ్యి."

అవ్వ పక్కనుంచి, "చేతిల నాలుగు ఆకులున్నా చుట్టేది రెండే గద సారూ" అన్నది. మొదటి పాఠం నాకన్నా ముందు ఆమెకే అర్థమయింది. అక్క జాలిపడి ఇంకో 100 గింజలు ఇవ్వబోతే, మేనల్లుడు వద్దని, నేర్చుకునేవాళ్ళకు మొదటి మూడు ఆటలూ లెక్కలోకి రావని తీర్మానించాడు. అవ్వ తీసినవి తిరిగి ఇచ్చింది. మళ్ళీ అందరికీ వందేసి.

వాడు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. గీతలు, అంకెలు. నేను చూసి నిజంగానే ఆశ్చర్యపోయాను. పదో తరగతిలో లెక్కలంటే పారిపోయినవాడు!

నాలుగు ముక్కల్లోంచి రెండేసి తీస్తే ఆరు జతలు అవుతాయి. కనుక ఒక్కో ఆటగాడు ఆరు చేతులతో ఆడుతున్నట్లే. 52 ముక్కల్లోంచి నాలుగు ముక్కల పంపకాలు 2,70,725 రకాలు. చేతికి రెండే ముక్కలిచ్చే పోకరులో రెండు ఆసులు రావడం 221 సార్లకు ఒకసారి. ఇందులో 39 సార్లకు ఒకసారి కనీసం రెండు ఆసులు వస్తాయి.

"అంటే మంచి చెయ్యి తొందరగ వస్తది గద?" అన్నాడు బావ ఆశగా.

"నీకొక్కనికే కాదు బాపూ, అందరికీ వస్తది. అందుకే ఇందుల ఆసుల జత చూసి ఉబ్బిపోవద్దు. ఒక్క మంచి చెయ్యి ఎదురైతే దాని గెలుపు నూటికి అరవై, అరవై అయిదు. అంతే."

నాలుగూ ఒకే రంగు వస్తే బావ మీసం మెలేశాడు. అదీ పొరపాటే. వాడుకునేవి రెండే. మిగిలిన రెండు మన చేతిలోనే చిక్కుకొని, నడుమ పడకుండా పోతాయి. రెండు ఆఠీన్లే మన దగ్గరుంటే బయట 11 ఉంటాయి. నాలుగుంటే 9 మాత్రమే. నాలుగు ఆసులూ మనకే వచ్చినా అంతే సంగతి. రెండు ఆసుల జత తప్ప అది ఇంకో మెట్టు ఎక్కదు. ఎక్కువ ఉన్నకొద్దీ మేలనుకునే లోకంలో ఇదొక విడ్డూరం.

ఇక అసలు లెక్క. చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయి, నడుమ మొదటి మూడింటిలో రెండు ఆఠీన్లు పడ్డాయి. ఇంకొక్కటి కావాలి. మనం చూసినవి ఏడు ముక్కలు, చూడనివి 45. వాటిలో ఆఠీన్లు 9. తరువాతి ముక్క ఆఠీను కావడం అయిదింటికి ఒకసారి. రెండు ముక్కలూ చూడనిస్తే నూటికి 36 సార్లు.

ఎదుటివాడు కుప్పలో 100 ఉండగా మరో 100 పెట్టాడనుకోండి. మనం 100 పెట్టి 300 కుప్పకు పోటీపడుతున్నాం. అంటే మూడింటికి ఒకసారి గెలవగలిగితేనే నష్టం లేదు. ఒక్క ముక్కే మిగిలి ఉండి, మన వంతు అయిదింటికి ఒకసారి అయితే? ముక్కలు కింద పెట్టాలి. రెండు ముక్కలు మిగిలి ఉంటే గిట్టుబాటు అనిపిస్తుంది గాని, నడుమ ఇంకొక పందెం కట్టవలసి వస్తుందని మరిచిపోరాదు.

'పాట్ లిమిట్' అంటే పందానికి కుప్పే హద్దు. కుప్పలో 100 ఉండగా ఒకరు 50 పెడితే, ముందు ఆ 50కి మన 50 కలపాలి. అప్పుడు కుప్ప 200. ఇంకో 200 పెంచవచ్చు. మొత్తం 250 పెట్టవచ్చు. హద్దు ఉన్నది గదా అని ధైర్యపడకండి. ఇద్దరే ఆడుతూ, 4 గింజల కుప్ప మీద మూడుసార్లు నిండు పందెం వేసుకుంటే అది 12, 36, 108 అవుతుంది. చింతగింజలు గనుక నవ్వుకున్నాం.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇంకొక లెక్క. చేతిలో జాకీ, పది, ఏడు, ఆరు. నడుమ తొమ్మిది, ఎనిమిది, రెండు. ఇప్పటికి చేతిలో ఏమీ లేదు. కాని రాణి, జాకీ, పది, ఏడు, ఆరు, అయిదు – వీటిలో ఏది పడ్డా వరస కుదురుతుంది. అటువంటి ముక్కలు 20! రెండు అవకాశాల్లో వరస కుదరడం నూటికి 70 సార్లు. ఇంత బలమైన ఆశ రెండు ముక్కల ఆటలో దొరకదు.

"కాని ఇరవై నమ్మొద్దు మామా. జాకీగాని పదిగాని పడితే, రాణి పట్టుకున్నోడు నాకన్న పెద్ద వరస చూపించొచ్చు. ఆ ఆరు తీసేస్తే తిరుగులేనివి పద్నాలుగే. ఈ ఆటల పైసలన్నీ పోయేది ఓడిపోయే చెయ్యికి కాదు. రెండో చెయ్యికి."

ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను.

రెండో చేయి

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఉద్యోగం కొత్త, పెళ్ళి కొత్త. దీపావళి రాత్రి ఒక మిత్రుడి గదిలో మూడుముక్కలాట. నాకు మూడూ ఇస్పేట్లు వచ్చాయి, రాజు పెద్ద. మూడు ముక్కల పంపకాలు మొత్తం 22,100. వరస కాని ఒకే రంగు చేతులు 1,096. ఇరవైసార్లకు ఒకసారి వచ్చే చేయి. ఆ లెక్క అప్పుడు తెలియకపోయినా, ఇటువంటిది మళ్ళీ రాదని మాత్రం నమ్మాను. పెంచాను, ఇంకా పెంచాను. ఎదుటివాడు ఆసు పెద్దగా మూడు కళావర్లు పరిచాడు. ఆ నెల జీతం అంతటితో సరి. చెడ్డ ముక్కలు వచ్చివుంటే మొదటనే పడేసి ఇంటికి పోయేవాణ్ణి. ఈ సంగతి మా ఇంట్లో ఈనాటికీ తెలియదు. ఈ పత్రిక ఇంటికి వచ్చే రోజున తెలుస్తుంది.

ఆ రాత్రి ఈ కథ మేనల్లుడికి చెప్పాను. వాడు నవ్వలేదు. వాడి పుస్తకం చివరి పేజీ తిప్పి చూపించాడు. ఫోనులో పోయినవి, వచ్చినవి అన్నీ రాసుకున్నాడు. 38 వేలు పోయాయి.

"లెక్క తప్పలేదు మామా. తప్పిందేందో నాకు అర్థం కాలె. అందుకే గోవా."

మా రాష్ట్రంలో జూదానికి 1974 నాటి చట్టం ఉన్నది. అంతకుముందే, 1967 నవంబరులో, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని తీర్పు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడెయ్యాలో తెలియాలి కనుక. మూడుముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి, నైపుణ్యపు ఆటలకున్న ఆ మినహాయింపును కూడా తీసివేసింది. ఇవన్నీ మేనల్లుడికి తెలుసు. వాడి వాదమల్లా ఒకటే: ఇది నేర్పుగల ఆట, నేర్పుగలవాడు ఓడడు.

అప్పుడు నాకు ఋతుపర్ణుడు గుర్తుకు వచ్చాడు. నన్నయ భారతంలో నలోపాఖ్యానం చదివినవారికి తెలిసినదే. రథం మీద పోతూ ఋతుపర్ణుడు దారి పక్క చెట్టుకు ఆకులెన్నో కాయలెన్నో చూసి చెప్పేస్తాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడతాడు. సరిపోతుంది. అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నలుడికి ఆ చెట్టు కిందే దొరికింది. లెక్క వచ్చిన క్షణాన్నే కలి అతన్ని వదిలిపోయాడు. తరువాత ఒక్క పందెంలో పుష్కరుణ్ణి గెలిచాడు.

"చూసినవా మామా, లెక్కొస్తే గెలుస్తరు!" అన్నాడు వాడు.

"గెలిచాడురా. కాని నలుడి ఆటలో ఇంటి వాటా తీసే క్లబ్బు లేదు" అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట నా బుర్రలో పుట్టింది కాదు. నా చూపు అప్పుడే అవ్వ మీద పడింది.

యాభై ఆటలు అయినాయి. మూడు గంటల పొద్దు గడిచింది. బావ ఏ చేయీ పడెయ్యలేదు. 29 గింజలు మిగిలాయి. నాకు 31. అక్క పంపకం రాగానే ఒకసారి చూసి, బాగాలేకపోతే కింద పెట్టి వంటింటి పని చూసుకొని వచ్చేది, ఆమెకు 72. మేనల్లుడు నిజంగానే అందరిలోకీ మంచి ఆటగాడు, 118. మాబోటి అమాయకులు ముగ్గురితో ఆడి 18 గింజలు గెలిచాడు.

అవ్వ అలవాటు చొప్పున తన గింజలను బీడీల లాగా ఇరవై అయిదేసి కుప్పలు పెట్టింది. ఆరు కుప్పలు. 150.

"నాకేం ఎరికలేదు బిడ్డా. నేను ఒక్క పత్తా ముట్టలె" అన్నది, ఏదో తప్పు చేసినదానిలా.

మేనల్లుడు ఆ ఆరు కుప్పల వైపు చాలాసేపు చూశాడు. పుస్తకం తీసి, ఫోనులో ఆడిన ఆటలకు కోత ఎంతయివుంటుందో వేయడం మొదలుపెట్టాడు. బావ ఏదో అనబోతే అక్క కళ్ళతోనే ఆపింది. నేను దాచుకున్న నీతిబోధ అట్లాగే ఉండిపోయింది. వాడి లెక్క నా బోధకన్నా బాగా నడుస్తున్నది.

తిరుగు ప్రయాణం

మరునాడు పొద్దున్నే వాడే బండి మీద బస్సు దాకా దింపాడు. హోటలు ముందు నిలబడి చాయ తాగాము. గోవా మాట నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

"మామా, గెలిచెటోడు మిగిలినోళ్ళను గెలిస్తే సాలదు. క్లబ్బును గూడ గెలవాలె. దానికి ముక్కలే ఉండయి గద, ఎట్ల గెలుస్తం?" అన్నాడు బస్సు వచ్చేటప్పుడు.

నాకు తెలిసినంతలో ఈ ఆట నేర్పు ఒక్కటే – ఎప్పుడు కింద పెట్టాలో తెలియడం. ముక్కలు ఎక్కువ చేతికొస్తే ఆశ ఎక్కువ పుడుతుంది. ఆశకు వెల ఎంతో చెప్పడానికే లెక్క. చెప్పిన తరువాత కింద పెట్టవలసినది మాత్రం చెయ్యి. ఆ పని ఏ పుస్తకమూ చెయ్యదు.

దీపావళి దాటిన వారానికి అక్క ఫోను వచ్చింది. వెనకాల కాంక్రీటు మిషను మోత.

"తమ్మీ, స్లాబు పోస్తున్నం. పిలగాడే దగ్గరుండి చూస్తుండు. అవ్వ నిన్ను అడుగుమన్నది, చింతగింజలు మళ్ళ డబ్బాల పొయ్యాల్నా, ఆమెయేనా అని."

ఆమెవేనని చెప్పాను. న్యాయంగా గెలుచుకున్నది గదా!